విసనకర్ర తాళం

రికార్డింగ్ జరిగేటప్పుడు ఫ్యాను ఆపేయాలి. నా పెళ్లిలో జరిగిన గందరగోళమంతా ఈ ఒక్క నియమంలోంచే పుట్టింది.

నర్సీపట్నంలో ఒక ఫోటో స్టూడియోలో నేను పనిచేస్తాను. కింద షాపులో పాస్‌పోర్టు ఫోటోలు తీస్తారు, ఫ్రేములు కడతారు. పైగది నాది. పెళ్లి వీడియోలు కత్తిరించి అతకడం, ఎవరైనా వచ్చి పాడితే రికార్డు చేసి దాన్ని నలుగురూ వినేలా తయారుచెయ్యడం నా పని. గోడలకి కోడిగుడ్ల అట్టలు అంటించి, కిటికీకి పాత పరుపు అడ్డం పెట్టి, ఆ గదికి రికార్డింగ్ రూమని నేనే పేరు పెట్టుకున్నాను. ఎన్ని అట్టలు అంటించినా మెయిన్ రోడ్డు మీద ఉల్లిపాయల ఆటో మాత్రం తిన్నగా మైకులోకి వచ్చేస్తుంది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి క్రిస్మస్ పాటల వాళ్లొస్తారు, అయ్యప్ప పాటల వాళ్లొస్తారు, ఎలక్షన్లప్పుడు అన్ని పార్టీల వాళ్లూ వస్తారు. తాళం తప్పని మనిషి ఇంతవరకూ నా గది మెట్లెక్కలేదు. అందరి తప్పులూ సరిచేసి పంపించాను. ఒకణ్ణి మాత్రం పెళ్లి చేసుకున్నాను.

అతను కోటవురట్ల వైపు లైన్‌మన్. స్తంభం దిగితే గిటారు పట్టుకుంటాడు. వాళ్ల చర్చి యూత్ వాళ్లతో క్రిస్మస్ పాట రికార్డింగుకి వచ్చి, అది అయిపోయాక కూడా ఏదో ఒక వంకతో వస్తూనే ఉండేవాడు. ఒకసారి గిటారు తీగ మర్చిపోయానన్నాడు, ఇంకోసారి హెల్మెట్టు మర్చిపోయానన్నాడు. హెల్మెట్టు చేతిలోనే ఉంది. సంగతి పెద్దవాళ్లదాకా వెళ్లింది, వాళ్లు కూర్చుని మాట్లాడుకున్నారు, ప్రధానం జరిగిపోయింది. నాకు నేల మీద కాలు ఆనని రోజులవి. కంప్యూటర్ ముందు కూర్చుని ఎవరి పెళ్లి వీడియో కత్తిరిస్తున్నా నాలో నేనే నవ్వుకునేదాన్ని. షాపు ఓనరుగారు రెండుసార్లు పైకొచ్చి, "బాగానే ఉన్నావా అమ్మా?" అని అడిగి వెళ్లారు.

ప్రధానం అయ్యాక మూడు ఆదివారాలు చర్చిలో అయ్యగారు మా పెళ్లి ప్రకటన చదవాలి. ఫలానా వారి అబ్బాయికీ ఫలానా వారి అమ్మాయికీ పెళ్లి నిశ్చయమైంది, ఎవరికైనా అభ్యంతరం ఉంటే తెలియజేయండి అని. ఆ మూడు ప్రకటనలూ అయ్యేవరకూ పిల్లా పిల్లాడూ ఒక గదిలో ఒంటరిగా ఉండకూడదన్నది మా ఇంటి కట్టుబాటు. దాన్ని పెట్టింది మా మామ్మ, మా నాన్నకి అమ్మ.

మామ్మ గురించి చెప్పాలి. ఆవిడ మిషన్ వాళ్ల ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషిగా చేసి రిటైరయింది. అంతమంది పిల్లల్ని గరిటెతో అదుపులో పెట్టిన మనిషి కాబట్టి, ఇప్పుడు చేతిలో గరిటె లేకపోయినా ఆ గొంతు మాత్రం అలాగే ఉంది. నిలబడి నిలబడి కుడి మోకాలు అరిగిపోయింది. మా నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అమ్మ అంగన్‌వాడీకి వెళ్తే నన్ను పెంచింది మామ్మే. అందుకని ప్రధానం రోజునే అందరి ముందూ చెప్పేసింది.

"పెల్లినాడు దీన్ని సెయ్యట్టుకుని లోపలికి తీసుకొచ్చేది నేను. ఇంకెవుడూ కాదు."

నక్కపల్లి నుంచి వచ్చిన మా బాబాయి, నాన్నకి తమ్ముడు, నసిగాడు. "అమ్మా, నీ మోకాలు..."

"నా మోకాలు నీకేటడ్డొచ్చింది?"

బాబాయి జిలేబీ తినడంలో మునిగిపోయాడు.

మా చర్చి మిషన్ కాలంలో కట్టినది. ఎత్తు తక్కువ, పొడుగు ఎక్కువ. పెళ్లికూతురు గుమ్మం దగ్గర్నుంచి ముందుదాకా నడిచి వస్తుంటే కీబోర్డు వాయించేవాళ్లు ఎప్పుడూ ఒకే పాత ట్యూను వాయిస్తారు. మా వాడికి అది నచ్చలేదు. తనే ఒక ట్యూను కట్టాడు.

"నువ్వు నడిచొచ్చేటప్పుడు వినిపించేది నా గిటారే అవ్వాలి," అన్నాడు.

"కోటు వేసుకుని మెడలో గిటారు తగిలించుకుని నిలబడతావా?"

"రికార్డు చెయ్. చేతిలో విద్య ఉంది కదా."

అలా ఒక మధ్యాహ్నం మేం ముగ్గురం నా గదిలో చేరాం. నేను, అతను, కాపలాకి మామ్మ. మే నెల. మైకు పెట్టాను. ఫ్యాను ఆపేశాను. మామ్మ నన్నొక చూపు చూసి, ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలో కూలబడి, సంచిలోంచి తాటాకు విసనకర్ర తీసింది. మామ్మ ముందు మేం ఒకరినొకరు 'మీరు' అనుకుంటాం. "మీరు కొంచెం ముందుకు జరగండి", "మీకు వినిపిస్తోందాండీ?" అని మర్యాదలు పోతుంటే, "ఏటర్రా, బేంకులో మాటాడుకున్నట్టు," అంది మామ్మ.

రికార్డింగులో వాయించేవాళ్లకి హెడ్‌ఫోన్లో క్లిక్ అని ఒకటి పెడతాం. టిక్ టిక్ మని ఒకే వేగంతో కొట్టుకుంటుంది, దాని ప్రకారం వాయించాలి. ఆ వేగం నేనే పెట్టాను. గదిలో అటూ ఇటూ నాలుగు అడుగులు నడిచి చూసుకుని, నా నడకకి సరిపోయేలా పెట్టాను. అతను కాసేపు విని ఒక చెవి మీంచి హెడ్‌ఫోన్ పక్కకి లాగేశాడు.

"ఇది చెవిలో జోరీగలా ఉందండీ," అన్నాడు.

మధ్యలో కరెంటు పోయింది. మామ్మ విసనకర్ర ఆపి, "ఏటి బాబూ, నువ్విక్కడ కూకుంటే అక్కడ తీగలెవుడు సూస్తాడు?" అంది. అతను సిగ్గుపడి ఎవరికో ఫోన్ చేశాడు. నిజంగానే కరెంటు బేగి వచ్చేసింది. మొగుడి పలుకుబడి చూసి నేను మురిసిపోయాను. అప్పటికింకా మొగుడు కాలేదు, అది వేరే విషయం.

ఎండ తగ్గేసరికి మొత్తం ట్యూను మూడు నాలుగుసార్లు వాయించాడు. చివరిది బాగుందనిపించింది. ఎందుకనిపించిందంటే, నేను గిటారు వినలేదు, అతన్ని చూస్తూ కూర్చున్నాను.

మర్నాడు చెవులతో విన్నాను. తాళం ఎక్కడా నిలబడలేదు.

మీకు అర్థమయ్యేలా చెబుతాను. రికార్డు చేసిన శబ్దం కంప్యూటర్ తెర మీద చిన్న చిన్న గుట్టల వరసలా కనబడుతుంది. తీగ మీటిన ప్రతిసారీ ఒక గుట్ట. వాటి వెనక నిలువు గీతలుంటాయి. తాళం ఎక్కడ పడాలో చెప్పే గీతలవి. బాగా వాయించినవాడి గుట్టలు గీతల మీదే కూర్చుంటాయి. మామూలు మనుషులవి కొంచెం అటూ ఇటూ ఉంటాయి. అది ఫర్వాలేదు, అసలు అందం దాన్లోనే ఉంటుంది. కానీ వీడి గుట్టలు మొదట బుద్ధిగా కూర్చుని, పోనుపోను గీతలకి దూరంగా వెనక్కి జారిపోయి, ఉన్నట్టుండి ఎవరో కొరడా పెట్టి కొట్టినట్టు ముందుకు గెంతాయి. మళ్లీ బుద్ధిగా నడక, మళ్లీ జారుడు, మళ్లీ గెంతు. మనిషి తప్పు అలా ఉండదు. తొందరపడేవాడు చివరిదాకా తొందరపడతాడు, నాన్చేవాడు చివరిదాకా నాన్చుతాడు.

కారణం దొరక్క మైకులో పడ్డ చిన్న శబ్దాలన్నీ పెద్దవి చేసి విన్నాను. గిటారు వెనకాల ఏదో ఉంది. టప్. టప్. టప్. విసనకర్ర అంచు కుర్చీ చేతికి తగిలే చప్పుడు. ఇంకొంచెం పెంచాను. టప్... టప్... టప్పు మెల్లబడింది. టప్పుతో పాటే గిటారూ మెల్లబడింది. తర్వాత చిన్న గురక. గురక ఆగింది, మామ్మ ఉలిక్కిపడి లేచింది, టప్‌టప్‌టప్ మని దడదడలాడించింది. గిటారు గెంతింది.

పెళ్లికొడుకు క్లిక్‌ని వదిలేసి మా మామ్మ విసనకర్రకి వాయించాడు!

కుర్చీలోంచి కిందపడేటంత నవ్వు వచ్చింది. ఓనరుగారు మళ్లీ పైకొచ్చారు. ఆయనకీ వినిపించాను. ఆయనా మెట్ల మీద కూర్చుండిపోయి నవ్వారు. అతనికి ఫోన్ చేశాను.

"నేను తాళం తప్పలేదు," అన్నాడు ఏ మాత్రం తొణక్కుండా. "మామ్మగారికి నిద్రొచ్చింది."

"ఆడలేక మద్దెల ఓడు!"

"మద్దెల కాదు. విసనకర్ర."

ఇంక సరిచెయ్యడం మొదలుపెట్టాను. ప్రతి మీటు దగ్గరా కత్తిరించాలి. ముక్కని గీత మీదికి జరపాలి. జరిపితే పక్కన ఖాళీ వస్తుంది, ముందటి మోతని కొంచెం సాగదీసి దాన్ని పూడ్చాలి, అతుకు వినబడకుండా చెయ్యాలి. బియ్యంలో రాళ్లేరినట్టు ఓపికగా చెయ్యాల్సిన పని. ఇతరుల పాటలకైతే విసుక్కుంటాను. ఇది మాత్రం అతని వేళ్లని ఒక్కొక్కటే పట్టుకుని సరైన చోట పెడుతున్నట్టు ఉండేది, అందుకని అవసరం లేనిచోట కూడా సరిచేశాను. టప్పుల్లో చాలావరకు తీసేశాను. అయిపోయిన ట్యూను గడియారంలా నడిచింది. గర్వం పట్టలేక బంధువులూ ఇరుగుపొరుగూ ఉన్న వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను. దండాలు, పువ్వులు, చప్పట్లు వచ్చి పడ్డాయి.

మూడో ప్రకటనకి ముందురోజు చర్చిలో నడక ప్రాక్టీసు పెట్టుకున్నాం. మా స్టూడియోలో వీడియో తీసే అన్న కెమెరా తెచ్చాడు. స్పీకర్లో ట్యూను మొదలైంది. మామ్మ నా చెయ్యి పట్టుకుంది. ఎడమ కాలు పూర్తిగా వేస్తుంది, కుడి కాలు దాని పక్కకి తెచ్చి పెడుతుంది, ఒక క్షణం ఆగుతుంది. మళ్లీ ఎడమ కాలు. నా గడియారం ట్యూను మా పక్కనుంచి దాటి వెళ్లిపోతోంది. కిటికీ పక్క బల్ల దగ్గరికి వచ్చేసరికి మోకాలు పట్టేసి, మామ్మ బల్ల అంచు పట్టుకుని నిలబడింది. సరిగ్గా అక్కడే ట్యూను అయిపోయింది. మేమింకా సగం దారిలో ఉన్నాం. చర్చి ఎంత నిశ్శబ్దమైపోయిందంటే, బయట గొడ్ల మెడలో గంట కూడా వినిపించింది.

బాబాయి ముందు బల్ల మీంచి లేచి వచ్చాడు. పాపం, మంచిగానే అన్నాడు. "అమ్మా, నేను తీసుకొస్తాన్లే. నువ్వు ముందే వొచ్చి కూకుందువుగాని."

మామ్మ కొట్లాడుతుందని చూశాను. కొట్లాడలేదు. "సరే, నువ్వే తీసుకురా," అంది. ఆటోలో ఇంటికి వచ్చాం. ఆటోవాడు గోతిలో దించితే కూడా మామ్మ తిట్టలేదు. అప్పుడు భయమేసింది నాకు.

నాకు కోపం వచ్చిందంటే వంట పాడవుతుంది. ఆ రోజు చారులో ఉప్పు రెండుసార్లు పడింది. ఎవరి మీద కోపమో తెలియక బాబాయి మీద కొంత, కంప్యూటర్ మీద కొంత పంచాను. నన్ను అక్షరాలు దిద్దించడానికీ, ఆసుపత్రికీ, పదో తరగతి పరీక్షకీ చెయ్యి పట్టుకుని తీసుకెళ్లిన మనిషి, నా పెళ్లికి బల్ల మీద కూర్చుని చూడాలా? ఒక ట్యూను పొట్టిదైందని?

మామ్మ మంచం దగ్గరికి వెళ్లి చెప్పేశాను. "నువ్వు తీసుకెళ్లకపోతే నేను గుమ్మం దాటను. అక్కడే నిలబడతాను. ఆయన్నే గుమ్మం దగ్గరికి రమ్మను."

"నా మోకాలి కోసం పాటాగుద్దేటే?" అంది అటు తిరిగి పడుకునే. మళ్లీ తనే, "సూద్దాంలే," అంది.

ఆ 'సూద్దాంలే' నాకు చాలు.

మర్నాడు మూడో ప్రకటన అయిపోయింది. ఎవరికీ అభ్యంతరం లేదు. అతను డ్యూటీ దిగి తిన్నగా స్టూడియోకి వచ్చాడు, చేతులకి ఇంకా గ్రీజు ఉంది. మామ్మని రమ్మన్నాను.

"ప్రకటనలైపోయినాయి కదా, ఇంకా నా కాపలా దేనికి? మీరెల్లండి. నాకు పనుంది," అంది. రోజూ ఇదే మాట. ఇంట్లో నొప్పుల మందు వాసన గుప్పుమనేది. మోకాలు ముదిరింది కాబోలు, పైకి చెప్పట్లేదు అనుకున్నాను. పని మరీ తొందర చేశాం.

మొదటిసారి ఇద్దరమే గదిలో ఉన్నాం. ఇన్నాళ్లూ దీనికోసమే కదా గింజుకున్నాం! తీరా చూస్తే ఇద్దరికీ సిగ్గు ముంచుకొచ్చి, తలుపు బార్లా తెరిచేశాం. 'మీరు' మానేద్దామన్నా నోరు తిరగలేదు.

"ట్యూను మొత్తం మెల్లగా చేసెయ్యొచ్చు కదా?" అన్నాడు.

చేసి వినిపించాను. గేదె ఆవులించినట్టుంది. అయినా మామ్మ నడక ఒకే మెల్లదనం కాదు. ఒకచోట గబగబా రెండడుగులు పడతాయి, ఒకచోట ఆగుతుంది. అప్పుడు తట్టింది. గీతల మీదికి గిటార్ని తేవడం ఎందుకు, గీతల్నే మామ్మ కాళ్ల దగ్గరికి తీసుకెళ్తే సరి! ప్రాక్టీసు రోజు వీడియో ఉంది. మామ్మ అడుగు పడిన ప్రతిచోటా ఒక గీత పెట్టాను. తెర మీద గీతలు కొన్ని దగ్గరగా, కొన్ని దూరంగా, మామ్మ ఎలా నడిస్తే అలా నిలబడ్డాయి. కిటికీ బల్ల దగ్గర పెద్ద ఖాళీ. అక్కడ గిటారు కూడా ఊపిరి పీల్చుకుని ఆగుతుంది. మామ్మ ఆగిందని ఎవరికీ తెలియదు, పాటే ఆగిందనుకుంటారు. ఆ తర్వాతి సగం దారి మామ్మ నడవలేదు కాబట్టి దానికి వీడియో లేదు. అక్కడ ఊహించి, ఇంకా ధారాళంగా దూరం పెట్టాను.

"నాకు తాళం?" అన్నాడు అతను గిటారు ఒళ్లో పెట్టుకుని. క్లిక్ అంటే అతనికి ఎలాగూ పడదు.

మామ్మ విసనకర్ర ఆ ఎర్ర కుర్చీ మీదే ఉండిపోయింది. నేను ఆ కుర్చీలో కూర్చుని, తెర మీద మామ్మ కాళ్లు చూస్తూ, అడుగు పడినప్పుడల్లా కుర్చీ చేతికి విసనకర్ర తగిలించాను. టప్. అతను మీటాడు. టప్. మీటాడు. చెమటలు కారిపోతున్నాయి. కిటికీ బల్ల దగ్గర నేను ఆపాను, అతనూ ఆపాడు. ఆ ఖాళీలో ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. నా చెయ్యి విసనకర్రని మర్చిపోయింది. తర్వాతి అడుగు చాలా ఆలస్యంగా పడింది, అది కూడా తర్వాత సరిచేసుకున్నాను.

పని పూర్తయ్యేసరికి ట్యూను బాగా పొడుగైంది, కానీ బతికే ఉంది. ముసలావిడ ఒకామె తీరిగ్గా ఊసులు చెప్పుకుంటూ నడుస్తున్నట్టుంది. మామ్మకి చెప్పొద్దనుకున్నాం. నడుస్తుంటే పాటే తనకోసం ఆగుతుందని ఆవిడకి దారిలో తెలియాలి. ఆవిడ మొహం ఎలా వెలుగుతుందో తలుచుకుని రోజూ ఇద్దరం ఫోన్లో మురిసిపోయాం.

పెళ్లిరోజు వచ్చింది. చర్చి గుమ్మం దగ్గర నేను తెల్లచీరలో, తల మీద వెయిలు అనే పల్చటి ముసుగుతో, చేతిలో పూలగుత్తితో నిలబడ్డాను. బాబాయి కోటు వేసుకుని, ఎందుకైనా మంచిదని పక్కనే నిలబడ్డాడు. మామ్మ కొత్త జరీచీర కట్టుకుని, కళ్లద్దాలు తుడుచుకుని, పెట్టుకుని, బాబాయిని కింద నుంచి పైదాకా చూసింది.

"నువ్వెల్లి కూకోరా," అంది.

బాబాయి వెళ్లి కూర్చున్నాడు.

మామ్మ నా మోచెయ్యి పట్టుకుంది. నేను స్పీకర్ల మిక్సర్ దగ్గర ఉన్న వీడియో అన్నకి సైగ చేశాను. ట్యూను మొదలైంది, తీరిగ్గా, ముద్దుగా. నేను పాదం ఎత్తి ఇంకా కింద పెట్టలేదు, మామ్మ ఒక అడుగు ముందుంది.

"ఏటే, కాల్లీడుస్తన్నావు?" అంది నోరు కదపకుండా.

"మెల్లగా మామ్మా, పాట మెల్లగా ఉంది."

"పాట సంగతి నాకు తెల్సు. నడు."

తెల్సంటోంది! పంటి బిగువున ఎడమ, కుడి, ఎడమ, కుడి అని నన్ను లాక్కుపోతోంది. హాస్టల్లో అన్నానికి పిల్లల్ని తోలుకెళ్లినట్టు తోలుకెళ్తోంది. నా వెయిలు వెనక్కి ఎగిరింది. ఆడవాళ్ల వైపు బల్లల మీద గుసగుసలు మొదలయ్యాయి. పెళ్లికొడుకు ముందు నిలబడి, పెదవులు కదుపుతూ తాళం లెక్కపెట్టుకుంటున్నాడు, లెక్క కుదరక కళ్లు పెద్దవవుతున్నాయి. కిటికీ బల్ల దాటేశాం. మామ్మ ఆగలేదు. మేం చాలా ముందుకు వెళ్లిపోయాక, మామ్మ మోకాలి కోసం కష్టపడి పెట్టిన ఆ ఖాళీ వచ్చింది. గిటారు ఆగిపోయింది. చర్చంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో మా ఇద్దరి చెప్పులూ టపటపా టపటపా.

అతని ముందుకి చేరిపోయాం. స్పీకర్లో గిటారు మళ్లీ మొదలై, తాపీగా, ఇంకా ఎక్కడో కిటికీ దగ్గరే నడుస్తోంది.

మామ్మ ఒగరుస్తూ స్పీకర్ వైపు తిరిగింది. వెనక బల్లదాకా వినిపించే ఆ హాస్టల్ గొంతుతో అంది.

"ఏటే! పాటకి కూడా మోకాల్ల నొప్పులొచ్చినాయేటి?"

చర్చి ఘొల్లుమంది. అయ్యగారు బైబిల్ మొహానికి అడ్డం పెట్టుకున్నారు, భుజాలు ఊగుతున్నాయి. అందరికంటే గట్టిగా నవ్వింది మా ఎదురింటావిడ, కళ్లనీళ్లు తుడుచుకుంటూ.

"ఇదేటిలాగుంది?" అంది మామ్మ, ఈసారి నాకు మాత్రమే వినబడేలా. "గ్రూపులో నువ్వెట్టిన పాట ఇంత నీరసంగా లేదే. ఎదురింటమ్మ పోన్లో అదెట్టించుకుని, మోకాలికి మందు రాసి, గుడ్డ కట్టుకుని, ఆల్ల వరండాలో రోజూ నడిసినాను. నా మూలంగా నీ పాట సగంలో అయిపోకూడదని."

మేం పాటని మామ్మ దగ్గరికి నడిపిస్తుంటే, మామ్మ వచ్చి పాటని దాటేసింది.

"నీ కోసమే మెల్లగా చేశాం మామ్మా," అన్నాను. "నీ అడుగులు చూసి ఇద్దరం చేశాం."

"నా అడుగులా?" అంది. స్పీకర్ వైపు మళ్లీ చూసింది. ఈసారి వింది. తల కొంచెం వంచి, హాస్టల్లో చారు రుచి చూసినప్పటిలా, శ్రద్ధగా వింది.

అయ్యగారు గొంతు సవరించుకున్నారు. ఈ కుమార్తెను ఇచ్చువారెవరు అని అడిగారు.

"నేనేనండి," అంది మామ్మ. నా చెయ్యి మాత్రం వదల్లేదు. "పాట అవనీండయ్యగారూ. అప్పుడే ఇచ్చేస్తానేటి?"

మళ్లీ నవ్వులు. అయ్యగారు తలూపి, చేతులు కట్టుకుని నిలబడ్డారు. అందరం అలాగే నిలబడ్డాం, పెళ్లికొడుకు కోటులో చెమటలు కక్కుతూ, నేను వెయిలు సర్దుకోకుండా, మామ్మ ఒక కాలి మీద బరువు పెట్టి. స్పీకర్లో మామ్మ ఇంకా నడుస్తూనే ఉంది. నేను ఊహించి ధారాళంగా పెట్టిన ఆ సగమంతా మాదే అయింది. మామ్మ బొటనవేలు నా మణికట్టు మీద తాళం వేస్తోంది, తన అడుగులకి తనే. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేస్తున్నాయి. నా బతుకులో అంత సంతోషం ఒక్కసారిగా ఎప్పుడూ పట్టలేదు.

చివరి మీటు మోగి, సన్నగా ఆగిపోయింది. అయ్యగారు మా వైపు చూశారు. అతను చెయ్యి చాపాడు. మామ్మ వేళ్లు ఇంకా బిగిసే ఉన్నాయి.

"అయిపోనాదేటే?" అంది మెల్లగా.

ఆ ట్యూను ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో నాకంటే బాగా తెలిసినవాళ్లు ఆ చర్చిలో లేరు.

"లేదు మామ్మా," అన్నాను. "ఇంకా కొంచెం ఉంది."